ఒక్క కొటేషన్... వేస్తుంది కన్నం!

పేరు రాయమన్న చోట పేరు రాస్తే పేచీ లేదు. అక్కడే ఎవరో తుంటరి ఓ బుల్లి కొటేషన్ గుర్తు పెట్టి, దాని పక్కన నాలుగు ముక్కలు రాస్తే? రాశారు! కోట్లాది క్రెడిట్ కార్డుల నంబర్లు దొంగల పాలయ్యాయి. ఓ పెద్ద టెలికాం కంపెనీ పరువు బజారున పడింది. పాతికేళ్లకు పైగా కంప్యూటర్ నిపుణుల్ని ముప్పుతిప్పలు పెడుతున్న ఆ చిన్న గుర్తు కథ ఇది.

పెళ్లిలో చదివింపుల బల్ల దగ్గర సందడి ఎలా ఉంటుందో తెలిసిందే. ఒకాయన డబ్బు అందుకుని పేరూ మొత్తమూ చెబుతుంటాడు. పక్కన కూర్చున్న కుర్రాడు తలెత్తకుండా పుస్తకంలో రాసేస్తుంటాడు. 'సుబ్బారావుగారు, గుంటూరు, 1,116'. రాశాడు. 'వెంకాయమ్మగారు, తెనాలి, 516'. అదీ రాశాడు. ఇంతలో గుంపులోంచి ఎవరో అదే గొంతుతో 'రామారావుగారు, బాపట్ల, 116... ఇప్పటిదాకా రాసిన పేజీలన్నీ చింపెయ్' అన్నారనుకోండి. కుర్రాడు ఏం చేస్తాడు? నవ్వేసి ఊరుకుంటాడు. ఎక్కడిదాకా పేరో, ఎక్కణ్నుంచి పురమాయింపో అతనికి తెలుసు మరి.

కంప్యూటర్‌కి తెలీదు. నిజంగానే చింపేస్తుంది!

బ్యాంకు కావచ్చు, రైలు టికెట్లు కావచ్చు, పరీక్షా ఫలితాలు కావచ్చు... ఏ వెబ్‌సైటు వెనక చూసినా చదివింపుల పుస్తకంలాంటిదే ఒకటి ఉంటుంది. అదే డేటాబేస్. దాంతో మాట్లాడే భాష పేరు ఎస్‌క్యూఎల్. ఐబీఎంలో పనిచేసే డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయిస్ దీనికి రూపమిచ్చి 1974లో లోకానికి పరిచయం చేశారు. ప్రోగ్రామర్లు కానివాళ్లకి కూడా అర్థమయ్యేలా మామూలు ఇంగ్లీషు వాక్యాల్లా ఉండాలన్నది వాళ్ల ఆలోచన. ఉద్దేశం మంచిదే. చిక్కు కూడా అక్కడే ఉంది.

ఆ భాషలో 'వెతుకు', 'మార్చు', 'తీసెయ్' లాంటి ఆజ్ఞలు మామూలుగా రాస్తారు. మనుషుల పేర్లు, ఊళ్లు, చిరునామాల్లాంటివి మాత్రం రెండు ఒంటి కొటేషన్ల మధ్యలో పెడతారు. మొదటి కొటేషన్ కనబడగానే 'ఇకనుంచి వచ్చేది ఎవరో చెప్పిన మాట, నాకిచ్చిన ఆజ్ఞ కాదు' అని డేటాబేస్ అర్థం చేసుకుంటుంది. రెండో కొటేషన్ కనబడగానే మళ్లీ ఆజ్ఞల కోసం చెవులు రిక్కిస్తుంది. రెంటికీ మధ్య ఉన్న గోడ ఆ గీత ఒక్కటే.

ఇప్పుడు ఓ వెబ్‌సైటులో లాగిన్ పేజీ తీసుకుందాం. లక్ష్మి తన పేరు, పాస్‌వర్డ్ కొట్టింది. వెనకున్న ప్రోగ్రాము ఆ రెండు ముక్కల్నీ తన వాక్యంలో అతికించి డేటాబేస్‌కి ఇలా పంపుతుంది: 'పేరు = 'లక్ష్మి', పాస్‌వర్డ్ = 'మల్లెపూలు' అయినవాళ్లను వెతుకు'. బాగానే ఉంది. ఇంకొకడొచ్చి పాస్‌వర్డ్ గడిలో మల్లెపూలకి బదులు ' లేదా '1'='1 అని కొట్టాడు. అతికించాక వాక్యం చివర ఇలా తయారవుతుంది: పాస్‌వర్డ్ = '' లేదా '1'='1'.

పాస్‌వర్డ్ ఖాళీ అయినా ఫర్వాలేదు లేదా ఒకటి ఒకటికి సమానమైనా చాలు అని దానర్థం. ఒకటి ఎప్పుడూ ఒకటే కదా! డేటాబేస్ జాబితాలో ఉన్నవాళ్లందర్నీ తెచ్చి ముందు పెడుతుంది. ప్రోగ్రాము అందులో మొదటి పేరుతో తలుపు తీసేస్తుంది. ఆ మొదటి పేరు చాలాసార్లు సైటు నడిపే అడ్మినిస్ట్రేటర్‌దే అయి ఉంటుంది. తాళం పగలగొట్టనక్కర్లేదు, మారు తాళం చేయించనక్కర్లేదు. కాపలావాడే లోపలికి దారి చూపిస్తాడన్నమాట. సూదితో మందు ఎక్కించినట్టు మాటల్లోకి ఆజ్ఞల్ని ఎక్కిస్తారు కాబట్టి దీనికి 'ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్' అని పేరొచ్చింది.

క్రిస్మస్ కానుక

ఈ సూది సంగతి మొదట బయటపెట్టింది అమెరికాకి చెందిన జెఫ్ ఫారిస్టల్. 'రెయిన్ ఫారెస్ట్ పప్పీ' అనే మారుపేరుతో 'ఫ్రాక్' అనే హ్యాకర్ల పత్రికలో రాశాడు. ఆ సంచిక 1998 డిసెంబర్ 25న వచ్చింది. మైక్రోసాఫ్ట్ వాళ్లకి ఈ విషయం చెబితే అదసలు సమస్యే కాదన్నారని కూడా కాస్త ఎత్తిపొడుపుగా అందులో చెప్పాడు.

సమస్య కాదన్నది ఎంతదాకా వెళ్లిందో చూడండి. అమెరికాలో హార్ట్‌ల్యాండ్ పేమెంట్ సిస్టమ్స్ అనే సంస్థ ఉండేది. దుకాణాల్లో కార్డు గీకినప్పుడు ఆ లావాదేవీని బ్యాంకుకి చేర్చడం దాని పని. 2009లో ఆ సంస్థ ఓ చేదు నిజం బయటపెట్టింది. దొంగలు దాని కంప్యూటర్లలో తిష్ఠ వేశారు. ఆ కేసు అభియోగపత్రం ప్రకారం ఆ సంస్థతోపాటు మరికొన్ని కంపెనీల నుంచి పోయిన కార్డుల నంబర్లు 13 కోట్లకు పైమాటే. లోపలికి దూరడానికి వాడింది ఈ సూదినే. సూత్రధారి ఆల్బర్ట్ గొంజాలెజ్. విచిత్రమేంటంటే, అంతకు ముందు అతను అమెరికా సీక్రెట్ సర్వీస్‌కి హ్యాకర్ల ఆచూకీ చెప్పే ఇన్‌ఫార్మర్! 2010లో అతనికి 20 ఏళ్ల జైలు శిక్ష పడింది.

గొంజాలెజ్ అంటే ఆరితేరినవాడు. బ్రిటన్‌లో టాక్‌టాక్ అనే టెలికాం కంపెనీకి జరిగింది ఇంకా ఆశ్చర్యం. 2015 అక్టోబర్‌లో 1,56,959 మంది ఖాతాదారుల వివరాలు పోయాయి. పేర్లు, చిరునామాలు, పుట్టినతేదీలు, ఫోన్ నంబర్లు... అందులో 15,656 మందివి బ్యాంకు ఖాతా నంబర్లతో సహా! ఈ కేసులో పట్టుబడినవాళ్లలో ఒకడు 17 ఏళ్ల కుర్రాడు. స్నేహితుల ముందు గొప్పలు పోవడానికే చేశానని కోర్టులో చెప్పాడు.

ఇంతకీ కన్నం ఎక్కడుంది? 2009లో టాక్‌టాక్ ఇంకో కంపెనీ వ్యాపారాన్ని కొంది. దాంతోపాటు వచ్చిన పాత వెబ్ పేజీలు మూడు ఇంకా ఇంటర్నెట్‌లో తెరిచే ఉన్నాయి. అవి ఉన్నట్టే కంపెనీ గుర్తించలేదు. పైగా అదే ఏడాది జులైలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి అదే పద్ధతిలో దాడి జరిగినా ఎవరూ పట్టించుకోలేదు. సమాచార రక్షణ చూసే ప్రభుత్వ కార్యాలయం విచారణ జరిపి 2016లో 4 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. అప్పటికి ఆ కార్యాలయం వేసిన జరిమానాల్లో అదే పెద్దది. పాత ఇల్లు కొన్నవాళ్లు పెరటి గుమ్మానికి గడియ ఉందో లేదో చూసుకోరా?

గీత ముందు గీత

మరి మందు లేదా అంటే... ఉంది. డిక్టేషన్ గుర్తుందా? టీచరు 'ఫుల్‌స్టాప్' అంటే మనం చుక్క పెడతాం. అదే 'ఫుల్‌స్టాప్' అన్న మాటనే రాయాలంటే టీచరు 'చుక్క కాదర్రా, ఆ మాటే రాయండి' అని ముందుగా హెచ్చరించాలి. కంప్యూటర్‌కీ అలాంటి హెచ్చరికే ఇస్తారు. పేరు మధ్యలో కొటేషన్ వస్తే దాన్ని రెండుసార్లు రాస్తారు. కొన్ని డేటాబేస్‌లలో దాని ముందు ఓ వెనక్కి వాలిన గీత - బ్యాక్‌స్లాష్ - పెడతారు. 'ఇది గోడ కాదు, పేరులో అక్షరమే' అని చెప్పడమన్నమాట. దీన్నే 'ఎస్కేప్' చేయడం అంటారు.

ఇది దొంగల కోసమే కాదు, దొరల కోసం కూడా. ఐర్లాండ్‌లో ఓ'బ్రయన్లూ, గోవా మంగుళూరుల్లో డి'సౌజాలూ ఎందరో. పేరులోనే కొటేషన్ ఉన్న ఈ పెద్దమనుషులు ఫారం నింపగానే ఎస్కేప్ తెలియని ప్రోగ్రాము 'తప్పు' అని మొరాయిస్తుంది. మన సుబ్బారావులకీ లక్ష్ములకీ ఆ బాధ లేదు. అందుకే కాబోలు, మన దగ్గర ప్రోగ్రాము రాసి నాలుగు తెలుగు పేర్లతో పరీక్షించి 'ఓకే' అనేసుకుంటే ఈ లోపం బయటపడదు. లాగిన్ పేజీ రాసిన ప్రతివాళ్లూ ముందు డి'సౌజా అని కొట్టి చూడాలి. ఏ సిలబస్‌లో పెట్టినా పెట్టకపోయినా ఇది ఉచిత పరీక్ష!

ఎవరికి వాళ్లు గుర్తుపెట్టుకుని ఎస్కేప్ చేయాలంటే కష్టమని పీహెచ్‌పీ భాష తయారుచేసినవాళ్లు ఓ ఉపాయం వేశారు. 'మ్యాజిక్ కోట్స్' అని పేరు. ఫారంలోంచి ఏం వచ్చినా సరే, కొటేషన్ కనబడితే చాలు ముందో బ్యాక్‌స్లాష్ దానంతటదే పడిపోతుంది. ఆ మ్యాజిక్ ఎలా పనిచేసిందంటే... డేటాబేస్‌కి వెళ్లని మాటలకి కూడా గీతలు పడ్డాయి. ఒకసారి పడినచోట రెండోసారీ పడ్డాయి. ఉత్తరాల మీదా తెరల మీదా పాపం ఓ'బ్రయన్ కాస్తా ఓ\'బ్రయన్ అయి కూర్చున్నాడు. చివరికి 2012లో వచ్చిన 5.4 వెర్షన్‌లో ఆ మ్యాజిక్‌ని ఎత్తేశారు.

సొంతంగా చేసుకున్నవాళ్లు ఇంకోలా దెబ్బతిన్నారు. కొటేషన్ కనబడితే రెండు చేసెయ్ అని ఒక్క లైను రాసి గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నారు. తుంటరి కొటేషన్ ముందు తనే ఓ బ్యాక్‌స్లాష్ పెట్టి పంపాడు. బ్యాక్‌స్లాష్‌ని గౌరవించే డేటాబేస్‌లో ఆ గీత మొదటి కొటేషన్‌ని అక్షరంగా మార్చేసింది. ప్రోగ్రామర్ స్వయంగా చేర్చిన రెండో కొటేషనే గోడని కూల్చింది!

మింగేసే అక్షరాలు

అందుకే ఈ పని డేటాబేస్ తయారుచేసినవాళ్లకే వదిలేయాలని పెద్దలు చెప్పారు. ప్రతి డేటాబేస్‌తోపాటు దాంతో మాట్లాడటానికి ఓ పనిముట్ల పెట్టె వస్తుంది. క్లయింట్ లైబ్రరీ అంటారు. పోస్ట్‌గ్రెస్ అనే ఉచిత డేటాబేస్‌కి ఉన్న పెట్టె పేరు లిబ్‌పీక్యూ. ఎస్కేప్ చేసే పనిముట్టు అందులోనే ఉంటుంది. దానికి మాట అందిస్తే గీతలు పెట్టి తిరిగిస్తుంది. ఇంకేం, సమస్య తీరిపోయిందనుకున్నారు. తీరలేదు. అడ్డొచ్చింది అక్షరాలు!

కంప్యూటర్‌కి అక్షరాలు ఉండవు, అంకెలే. కొటేషన్ అంటే 39. బ్యాక్‌స్లాష్ అంటే 92. ఇంగ్లీషులో ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె సరిపోతుంది. జపాన్, చైనా లిపుల్లో అక్షరాలు వేలల్లో ఉంటాయి కాబట్టి ఒక్కోదానికి రెండు అంకెలు కావాలి. జపాన్‌లో బాగా వాడిన 'షిఫ్ట్ జిస్' పద్ధతిలో 'హ్యో' అనే అక్షరం ఉంది. పట్టిక అన్న మాటలో వస్తుంది. దాని అంకెలు 149, 92. అంటే అక్షరంలో సగం బ్యాక్‌స్లాష్!

చైనాలోని 'జీబీకే' పద్ధతిలో ఇంకా చిత్రం జరుగుతుంది. తుంటరి 191, 39 అని రెండు అంకెలు పంపుతాడు. ఎస్కేప్ చేసే పనిముట్టుకి చైనా లిపి సంగతి తెలీదు. 39 కనబడింది కదా అని దాని ముందు బుద్ధిగా 92 పెడుతుంది. ఇప్పుడు వరుస 191, 92, 39. డేటాబేస్‌కి చైనా లిపి వచ్చు. దాని కళ్లకి 191, 92 కలిసి ఒకే అక్షరం. మనకి క్, ష కలిస్తే 'క్ష' అయిపోయినట్టు. కాపలాకి పెట్టిన గీతని పక్కనున్న అంకె మింగేసింది. 39 ఒంటరిగా మిగిలింది. గోడ కూలింది.

2006లో ఇది పెద్ద గొడవే అయింది. ఆ మే నెలలో పోస్ట్‌గ్రెస్ వాళ్లు హడావుడిగా కొత్త వెర్షన్లు విడుదల చేశారు. ఎస్కేప్ చేసే పనిముట్టుకి బదులు కొత్తది ఇచ్చారు. మాట అందిస్తే చాలదు, ఏ కనెక్షన్ మీద పంపుతున్నారో కూడా చెప్పాలి. అప్పుడే ఏ లిపిలో మాట్లాడుతున్నారో దానికి తెలుస్తుంది. మైఎస్‌క్యూఎల్‌లోనూ ఇదే తంతు. అక్కడ 'ఎస్కేప్ స్ట్రింగ్' అనే పాత పనిముట్టు పక్కనే 'రియల్ ఎస్కేప్ స్ట్రింగ్' అని ఇంకోటి ఉంది. పేరున్న మిఠాయి కొట్టు పక్కన 'అసలైన' అన్న బోర్డుతో మరో కొట్టు వెలిసినట్టు! ఇక్కడ మాత్రం బోర్డు నిజమే చెబుతోంది. కనెక్షన్ అడిగేది అసలైనదే.

మరి మన తెలుగో? మన పత్రికలూ డీటీపీ సెంటర్లూ ఒకప్పుడు వాడిన ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టేవారు. ఇప్పుడు వాడుకలో ఉన్న యూనికోడ్ వేరు. దాన్ని అంకెల్లో రాసే 'యూటీఎఫ్-8' పద్ధతిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ మూడేసి అంకెలు. 'క' అంటే 224, 176, 149. ఏ అక్షరం తీసుకున్నా మూడూ 128 లేదా అంతకు మించే ఉంటాయి. 39 రాదు, 92 రాదు. కాబట్టి మన అక్షరాలు ఏ గీతనీ మింగవు.

హమ్మయ్య అనుకోవడానికి లేదు. దొంగ శుద్ధమైన తెలుగే రాయాలని ఎక్కడుంది?

వెనకాలే వచ్చినవాడు

2024 డిసెంబర్ చివర్లో అమెరికా ఆర్థికశాఖ ఓ ప్రకటన చేసింది. చైనా ప్రభుత్వ అండ ఉన్న హ్యాకర్లు తమ ఉద్యోగుల కంప్యూటర్లలోకి చొరబడి కొన్ని పత్రాలు చూశారని. చైనా కాదంది. దూరం నుంచే కంప్యూటర్లు బాగుచేయడానికి వీలు కల్పించే బియాండ్‌ట్రస్ట్ అనే కంపెనీ తాళంచెవి దొంగల చేతికి చిక్కడం వల్ల అది జరిగింది. దర్యాప్తులో ఆ కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌లో ఓ కన్నం కనిపెట్టి మూసేసింది. ర్యాపిడ్7 అనే భద్రతా సంస్థ పరిశోధకుడు స్టీఫెన్ ఫ్యూవర్ ఆ కన్నాన్ని పరిశీలిస్తూ వెళ్తే... దాని వెనక ఇంకోటి కనబడింది. అది బియాండ్‌ట్రస్ట్‌ది కాదు. సాక్షాత్తూ పోస్ట్‌గ్రెస్ వాళ్ల లిబ్‌పీక్యూలో, అందులోనూ ఎస్కేప్ చేసే పనిముట్లలోనే ఉంది!

జరిగిందిదీ. యూటీఎఫ్-8లో 192 అనే అంకెకి చోటు లేదు. అది చెల్లని నాణెం. కానీ చూడ్డానికి రెండంకెల అక్షరానికి మొదటి సగంలా ఉంటుంది. ఎవరైనా 192, 39 అని పంపితే పనిముట్టు 192ని చూసి 'దీని వెనక వచ్చేది దీని తోకే' అనుకుని రెంటినీ కలిపి పంపేసింది. పెళ్లికి వచ్చిన పెద్దమనిషి వెనకాలే నడిచొచ్చినవాణ్ని 'వాళ్ల మనిషే' అనుకుని గేటు దగ్గర వదిలేసినట్టు. ఆ వెనకొచ్చినవాడే 39, అంటే కొటేషన్. అవతల పోస్ట్‌గ్రెస్‌తోనే వచ్చే 'పీఎస్‌క్యూఎల్' అనే పరికరం ఉంది. అది 39ని తోకగా చూడలేదు. కొటేషన్‌గానే చూసింది. పైగా ఆ పరికరానికి డేటాబేస్‌లో వెతకడమే కాదు, కంప్యూటర్‌లో ఇతర ఆజ్ఞలు నడపడం కూడా వచ్చు. ఇంకేముంది!

ఇక్కడ ప్రోగ్రామర్ తప్పేం లేదు. పెద్దలు చెప్పినట్టే చేశాడు. సరైన పనిముట్టునే వాడాడు. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే అంకెల్ని రెండు రకాలుగా చదవడంతో వచ్చింది తంటా. చైనా లిపి కాలంలో ఉన్న తగవు ఇరవై ఏళ్ల తర్వాత ఇంకో వేషంలో తిరిగొచ్చింది.

2025 ఫిబ్రవరి 13న పోస్ట్‌గ్రెస్ 13 నుంచి 17 వరకూ అన్ని వెర్షన్లకీ మరమ్మతు విడుదల చేశారు. ఆ మరమ్మతులో ఇంకో పొరపాటు దొర్లింది. మాట పొడవు ఇంత అని చెప్పినా పనిముట్టు లెక్కపెట్టడం లేదు. దాంతో సరిగ్గా వారానికి, 20వ తేదీన, మరోసారి విడుదల చేయాల్సి వచ్చింది. దశాబ్దాలుగా ఇదే పనిలో పండిపోయినవాళ్లకే ఇలా అయితే, గడువు రేపనగా ఎవరో రాసుకున్న సొంత ఎస్కేప్ సంగతి చెప్పేదేముంది?

రెండు కవర్లు

అసలు అతికించడమెందుకు, ఆ తర్వాత గీతలెందుకు? ఆజ్ఞని ఓ కవర్లో, పేర్లని ఇంకో కవర్లో పంపితే పోలేదా? పోతుంది. ఈ పద్ధతి ఎప్పట్నుంచో ఉంది. దీన్ని 'ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్' అంటారు. ముందుగా 'ఈ పేరు, ఈ పాస్‌వర్డ్ ఉన్నవాళ్లను వెతుకు' అని పేర్లున్నచోట ఖాళీలు వదిలి పంపుతారు. డేటాబేస్ అది చదివి, పనేంటో ఖాయం చేసుకుంటుంది. తర్వాత రెండో కవర్లో పేర్లు వస్తాయి. అందులో కొటేషన్లుండనీ, 'పేజీలన్నీ చింపెయ్' అని ఉండనీ... అలాంటి పేరున్న మనిషి ఉన్నాడేమో అని వెతికి, లేడని చెబుతుంది. అంతే! ఓ'బ్రయన్ ఓ'బ్రయన్‌గానే ఉంటాడు. లిబ్‌పీక్యూలోనూ ఈ సదుపాయం ఉంది. దాని పత్రాలే ఈ దారిలో వెళితే ఎస్కేప్ గొడవే ఉండదని చెబుతాయి.

అయినా అందరూ ఎందుకు వాడరు? మొదటిది అలవాటు. అమీర్‌పేట కోచింగైనా, అమెరికా పుస్తకమైనా మొదటి పాఠంలో ప్లస్ గుర్తుతో ముక్కలు అతికించడం తేలిక. మొదట నేర్చినదే చేతికి వస్తుంది. రెండోది, రెండో కవర్లో అన్నీ పట్టవు. ఏ పట్టికలో వెతకాలి, ధర ప్రకారం పేర్చాలా తేదీ ప్రకారమా లాంటివి ఆజ్ఞలో భాగం. ఖాళీ వదలడం కుదరదు. అలాంటిచోట ముందే రాసిపెట్టుకున్న జాబితాలోంచి ఎంచుకోవాలి తప్ప వచ్చినవాడి మాట అతికించకూడదు. ఇక మూడోది, ఎప్పుడో రాసి మర్చిపోయిన పాత పేజీలు. టాక్‌టాక్ ముంచింది అవే. 2023లో మూవ్‌ఇట్ అనే ఫైళ్ల బట్వాడా సాఫ్ట్‌వేర్‌లో ఇదే సూది దిగినప్పుడు దెబ్బతిన్న సంస్థలు వేలల్లో ఉన్నాయి. బీబీసీ, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఉద్యోగుల వివరాలూ అందులో పోయాయి. వాళ్ల జీతాల లెక్కలు చూసే కంపెనీ ఆ సాఫ్ట్‌వేర్ వాడుతోంది మరి.

సరదాకి కూడా వద్దు!

ఇది చదివి ఏదో ఒక వెబ్‌సైటులో కొటేషన్ కొట్టి చూద్దామని చేతులు దురదపెడుతున్నాయా? ఆగండి. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్లోకి చొరబడటం ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేశారని తేలితే 66వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నేర్చుకోవాలనుకునేవాళ్లు పోస్ట్‌గ్రెస్‌ని ఉచితంగా దించుకుని సొంత కంప్యూటర్లో ఎన్ని కన్నాలైనా వేసుకోవచ్చు. కన్నం చూపిస్తే బహుమతి ఇస్తామని ప్రకటించే కంపెనీలూ ఉన్నాయి. ఎంతదాకా వెళ్లొచ్చో, ఎక్కడ ఆగాలో వాళ్ల షరతుల్లోనే రాసి ఉంటుంది.